మార్కుల పట్టికయు మహావిద్యాలయ ద్వారమును

(వార్షిక మహాసభ విద్యావిషయక సమావేశమున గావింపబడిన ఉపన్యాసము)



విద్యావిషయమున నేదేని యొక యంశమును గూర్చి మాటలాడుమని ఈ మహాసభవారు నన్ను గోరిరి. విద్య యొక్క మహిమను గూర్చి ప్రతి సంవత్సరమును ఈ వేదికపై పెద్దలు చక్కగా చెప్పియే యున్నారు. దానిని మరల చెప్పుట మీ కాలమును నా కాలమును వ్యర్థపుచ్చుటయే. కావున మన యిండ్లలో తలిదండ్రులు రాత్రులు నిద్రమాని చర్చించుకొను నొక చిన్న ప్రశ్ననే నేడు తీసికొనుచున్నాను. పిల్లవాడు తెలివైనవాడు. కాని తొమ్మిదవ తరగతిలోనో, ఇంటర్మీడియేటు మొదటి సంవత్సరములోనో మార్కులు తగ్గినవి. ఇక వానికి ఐ.ఐ.టి. గాని, ఢిల్లీ గాని, సముద్రమునకావల హార్వర్డు, ఎం.ఐ.టి. వంటివి గాని అందునా? అందవా?

ఈ ప్రశ్నకు మన వీధులలో రెండు ప్రత్యుత్తరములు దొరకుచున్నవి. "అంతయు ముగిసినది" అనునది యొకటి. "మార్కులలో నేమున్నది? రామానుజన్ గారు పరీక్ష తప్పలేదా?" అనునది రెండవది. మొదటి మాట పిల్లవానిని క్రుంగదీయును. రెండవ మాట వానిని నిద్రపుచ్చును. రెంటిలోను విచారణ లేదు. ముప్పది సంవత్సరములు ఉపాధ్యాయవృత్తిలో నుండి, వేలకొలది పత్రములు దిద్దినవాడను గనుక, ఈ విషయమున నాకు తెలిసినంతవరకు కొంత వివరముగా మనవి చేయుదును.

ముందుగా గ్రహింపవలసినదేమనగా, అన్ని ద్వారముల తాళములును ఒక్కరీతివి కావు. ఒకచోట మార్కులు గడప వంటివి. దాటినచో చాలును, ఎంత యెత్తున దాటితివని యెవరును అడుగరు. మరియొకచోట మార్కులే త్రాసు. ఇంకొకచోట మార్కుల పట్టికను ఒక మనుష్యుడు కూర్చుండి కథవలె చదువును. ఈ భేదము తెలియక మనవారు గడపయున్నచోట త్రాసు నూహించుకొని భయపడుచున్నారు; చదివెడి మనుష్యుడున్నచోట ఆయనకు చెప్పవలసిన మాట చెప్పక మిన్నకుండుచున్నారు.

ఐ.ఐ.టి.ల సంగతి చూతము. అచట ఇంటర్మీడియేటు లేక పండ్రెండవ తరగతి మార్కులు గడప మాత్రమే. నూటికి 75 రావలెను. లేదా తన బోర్డులో ఉత్తీర్ణులైనవారిలో పై ఇరువది వంతులలో నుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, అంగవైకల్యము గలవారికిని 65 చాలును. ఆపైన సీటు నిచ్చునది ప్రవేశపరీక్షలోని ర్యాంకు ఒక్కటియే. 78 వచ్చినవాడును 98 వచ్చినవాడును ఆ ద్వారమున సమానులు. కాని ఈ నియమములలో దేనిచేతను అర్హుడు కానివాడు ఎంత గొప్ప ర్యాంకు తెచ్చుకొన్నను గడపకావలనే నిలువవలసి యుండును. ఈ 75 లెక్కలో గణిత భౌతిక రసాయన శాస్త్రములే గాక భాషయు చేరును. ఈ సంగతి తెలియని పిల్లలు భాషను చులకన చేయుదురు; తెలిసిన కళాశాలలవారు పిల్లలచేత తెలుగు మాన్పించి, మార్కులు సులభముగా వచ్చునని సంస్కృతము తీయింతురు. ఆ సంస్కృతము ఎట్టిదనగా రెండేండ్లు చదివినవాడు ఒక సుభాషితమునకు అర్థము చెప్పలేడు. వానికి వచ్చిన మార్కులు మాత్రము 98! పాణిని మహర్షి క్షమించుగాక. దీనిని గూర్చి వేరొక సభలో మాటలాడవలెను.

2024 సంవత్సరమున 23 ఐ.ఐ.టి.లలో గల సీట్లు 17,740. అడ్వాన్స్‌డు పరీక్ష వ్రాసినవారు లక్షా ఎనుబదివేల మంది. ఇంత పోటీలో ఇంటర్మీడియేటు మార్కులను గూర్చి యేడ్చుచు కూర్చుండుటకు కాలమెక్కడిది? గడప దాటినచో దాని మాట మరచిపోవలెను. దాటనిచో బోర్డువారు మార్కులు పెంచుకొనుటకు మరల పరీక్ష వ్రాయనిచ్చుచున్నారు. ఈ నియమములును స్థిరమైనవి కావు. 2013 మొదలు 2016 వరకు జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకులో బోర్డు మార్కులకు నూటికి 40 వంతుల విలువ యుండెను. 2017 లో దానిని తీసివేసిరి. మన ఉమ్మడి రాష్ట్రపు ఎంసెట్టులో ఇంటర్మీడియేటు మార్కులకు 25 వంతులుండెను. తెలంగాణ ప్రభుత్వము వారు 2023 లో దానిని రద్దుపరచిరి. కావున పొరుగింటి కుర్రవాడు ఆరేండ్ల క్రిందట చేరిన విధమును ఆధారము చేసికొనక, ఆయా సంవత్సరపు నియమపత్రమును తలిదండ్రులే చదువుకొనవలెను.

మార్కులే త్రాసుగా నున్నచో నేమగునో ఢిల్లీ విశ్వవిద్యాలయము మనకు చూపినది. 2021 లో హిందూ కళాశాలలో రాజనీతిశాస్త్రమునకు మొదటి జాబితాలో నడిగినది నూటికి నూరు. ఒక్క మార్కు తగ్గినవానికి ఆ జాబితాలో చోటు లేదు. రాజనీతిలో నూటికి నూరు మార్కులు పొందిన రాజనీతిజ్ఞుని నేనింతవరకు కనియుండలేదు. ఇట్లు మార్కులు పైకప్పును తాకిన పిమ్మట వానితో ఎవ్వరినిగాని వేరుపరచుట అసాధ్యమయ్యెను. 2022 నుండి ఆ విశ్వవిద్యాలయమువారు సి.యు.ఇ.టి. యను ఉమ్మడి ప్రవేశపరీక్షను పెట్టుకొనిరి. అనగా ఆ పరీక్షతో సీటు నిర్ణయమగుచోట 88 మార్కుల పిల్లకు తిరిగి ద్వారము తెరువబడినది. ఆ సంగతి మన పల్లెలకింకను చేరలేదు.

మార్కులు దైవలిఖితములు కావు. పత్రము దిద్దినవాడు మనుష్యుడు. మొత్తము కూడినవాడు మనుష్యుడు. నేడు యంత్రమైనచో ఆ యంత్రమునకు లెక్క నేర్పినవాడును మనుష్యుడే. 2019 ఏప్రిలు మాసమున తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినప్పుడు ఒక బాలికకు తెలుగులో సున్న అని ప్రకటించిరి. తిరిగి చూడగా అది 99. తప్పినవారి పత్రములను మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. ఆ కొలదిదినములలో రాష్ట్రమున సుమారు ఇరువదిమంది పిల్లలు తమ ప్రాణములు తీసికొనిరి. తలిదండ్రులారా! ఈ యుపన్యాసములో మీరు మరేమి మరచినను సరియే. ఫలితములు వచ్చిన నాడు పిల్లవానిని ఒంటరిగా విడువకుడు. పత్రమును మరల లెక్కింపుమని కోరుటకు హక్కును, గడువును కలవు. ఆ దరఖాస్తును గూర్చి యోచించుట ఆ రాత్రి పని కాదు. ఆ రాత్రి పని పిల్లవానితో కూర్చుండి యన్నము తినుట.

ఇంగ్లండు దేశమునను 2020 లో మహమ్మారి కారణమున పరీక్షలు జరుగనప్పుడు ఒక గణిత సూత్రముతో మార్కులు నిర్ణయించిరి. పాఠశాల యొక్క వెనుకటి చరిత్రను బట్టి ఆ సూత్రము పనిచేసెను గనుక, సామాన్య పాఠశాలలలోని తెలివైన పిల్లలు నష్టపడిరి. ఉపాధ్యాయులు వేసిన అంచనాలలో నూటికి సుమారు నలుబది తగ్గింపబడినవి. పిల్లలు వీధులకెక్కగా కొలదిదినములలో ఆ సూత్రమును విడిచిరి. మన పాఠశాల పేరు చిన్నదైనంత మాత్రమున మన పిల్లవాని బుద్ధి చిన్నదగునా యను ప్రశ్న తెలుగుదేశమునకు మాత్రమే చెందినది కాదని చెప్పుటకే ఈ మాట యెత్తితిని.

ఇక అమెరికా. మన కుటుంబములలో దాదాపు ప్రతి యింటినుండియు నొకరచట నున్నారు. కాని వారిలో పెక్కుమంది పట్టభద్రులైన తరువాత ఎం.ఎస్. చదువులకు వెళ్లినవారు. ఇంటర్మీడియేటు కాగానే అచటి పేరుపొందిన విశ్వవిద్యాలయములలో చేరుట వేరు మార్గము. ఆ మార్గమును గూర్చి వారికిని అంతగా తెలియదు. కావున బావగారి యబ్బాయి టెక్సాసులో నున్నాడు, వానినడిగిన చాలునని తలపకుడు.

అచట ప్రవేశమునకు నాలుగు సంవత్సరముల పట్టిక, అనగా తొమ్మిది మొదలు పండ్రెండు తరగతుల వరకు గల మార్కులు, చూచెదరు. దానితోపాటు పాఠశాల యెట్టిదో తెలుపు పత్రము, ఉపాధ్యాయుల లేఖలు, విద్యార్థి స్వయముగా వ్రాసిన వ్యాసము, తరగతి బయట వాడు చేసిన పనులు, అడిగినచోట ఎస్.ఏ.టి. వంటి పరీక్షలోని మార్కులు. ఇవన్నియు కలిపి చదువుదురు. మార్కులు తగ్గినంత మాత్రమున కాగితమును ప్రక్కన పడవేయు కఠిననియమము సాధారణముగా లేదు. ఇది యొక వైపు.

రెండవ వైపు కూడ చెప్పకున్న మిమ్ము మోసగించినవాడనగుదును. హార్వర్డు విశ్వవిద్యాలయముపై 2014 లో నొక వ్యాజ్యము దాఖలై, 2023 లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానపు తీర్పుతో ముగిసినది. జాతిని లెక్కలోనికి తీసికొనుట గూర్చిన వ్యాజ్యమది. ఆ వాదము మనకిప్పుడు ప్రస్తుతము కాదు. కాని ఆ విచారణలో లోపలి లెక్కలు వెల్లడియైనవి. ఒక్క సంవత్సరమున వచ్చిన దరఖాస్తులు సుమారు 35,000. స్థానములు సుమారు 1,600. ఆ దరఖాస్తుదారులలో స్వదేశీయులలోనే పరిపూర్ణమైన జి.పి.ఏ. గలవారు 8,000 మందికి పైగా నుండిరి. ఈ యంకెలను రెండు విధముల చదువవచ్చును. పరిపూర్ణ మార్కులున్నవారే యింతమంది యుండగా తగ్గినవాని గతి యేమి యని యొక విధము. పరిపూర్ణ మార్కులున్నవారిలోనే అత్యధికులు వెనుకకు పంపబడిరి గనుక అచట నిర్ణయించునది మార్కులు మాత్రము కాదని మరియొక విధము. రెండును సత్యములే. నేను రెంటిని కలిపియే పిల్లలకు చెప్పుచుందును. మార్కులు తగ్గుట నిశ్చయముగా నష్టమే. కాని తగ్గకుండుట యందు ప్రవేశమిచ్చెడి శక్తి లేదు.

అట్లైన, తగ్గిన పట్టికను వారు చదువునప్పుడు వేనిని చూచెదరు? ఎప్పుడు తగ్గినవి యనునది మొదటి మాట. తొమ్మిదవ తరగతిలో తగ్గి, పదిలో నిలిచి, పదునొకండులో పెరిగినచో ఆ పిల్లవాడు లేచినవాడు. తొమ్మిదిలో మెరసి పదునొకండులో జారినచో వాడు జారుచున్నవాడు. మొత్తము రెండు చోట్లను ఒక్కటియే కావచ్చును. చదువరి మనస్సులో కలుగు భావము ఒక్కటి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారైతే తొమ్మిదవ తరగతి మార్కులను తమ జి.పి.ఏ. లెక్కలో చేర్చనే చేర్చరు. పది, పదునొకండు తరగతులనే లెక్కింతురు. మన దేశమున ఇంటర్మీడియేటు మొదటి సంవత్సరము పదునొకండవ తరగతియే గనుక, "మొదటి సంవత్సరము పరిచయమునకే, రెండవ సంవత్సరమున చూచుకొందము" అను మన కుర్రవాండ్ర సిద్ధాంతము ఈ విషయమున మిక్కిలి అపాయకరమైనది.

ఏ విషయమున తగ్గినవి యనునది మరియొక మాట. యంత్రశాస్త్రము చదువ నెంచినవానికి గణితమున తగ్గుట వేరు, చరిత్రలో తగ్గుట వేరు. ఎంత కష్టమైన పాఠ్యక్రమమున తగ్గినవో కూడ చూచెదరు. సులభమైన దానిలో 99 కంటె కఠినమైన దానిలో 90 మేలని వారి తలంపు. ఎస్.ఏ.టి. విషయమొకటి. 2020 మహమ్మారి కాలమున చాలచోట్ల దానిని ఐచ్ఛికము చేసిరి. 2022 లో ఎం.ఐ.టి. వారును, 2024 లో డార్ట్‌మత్, యేల్, హార్వర్డు వారును మరల కావలెననిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు మాత్రము దానిని చూడనే చూడరు. తెలియని పాఠశాలనుండి వచ్చిన పిల్లవాడు తన శక్తిని చూపుటకు ఈ పరీక్ష సాధనమగునని పునఃస్థాపించినవారు చెప్పిన కారణములలో నొకటి. మన జిల్లా పాఠశాలల పిల్లలకిది మేలే. కాని హెచ్చరిక: పరీక్షలో మిక్కిలి యెక్కువయు, తరగతిలో మిక్కిలి తక్కువయు వచ్చినచో, "తెలివి కలదు, శ్రమ లేదు" అని చదువరి యనుకొనవచ్చును. ఆ యనుమానమును తీర్చు సాక్ష్యమేదైన చూపవలెను.

తగ్గుటకు కారణమున్నచో దానిని చెప్పుటకు దరఖాస్తులో ప్రత్యేకముగా చోటున్నది. మనవారు ఆ చోటును ఖాళీగా విడుతురు. లేదా పుట నిండ దుఃఖము పోయుదురు. రెండును తగవు. "తొమ్మిదవ తరగతి ద్వితీయార్థమున నా తండ్రిగారికి పక్షవాతము వచ్చెను. నాలుగు మాసములు ఉదయమున దుకాణము నేను తెరచితిని. ఆ కాలమున గణితమున మార్కులు తగ్గినవి. పదవ తరగతి మొదలుకొని నా పట్టిక మరల యథాస్థితికి వచ్చినది." ఇంతియే చాలును. కాలము, కారణము, తరువాత నేమైనది. ఉపాధ్యాయులను నిందింపరాదు, బోర్డును నిందింపరాదు, "అయినను నేను మేధావిని" అని చెప్పుకొనరాదు. కారణము లేనిచో కల్పింపనే రాదు. బాల్యచాపల్యముచేత తగ్గినచో మౌనముగా నుండి, పెరిగిన మార్కులచేతనే ప్రత్యుత్తరమిచ్చుట గౌరవము.

ఈ సందర్భమున మన యాడపిల్లలను గూర్చి యొక మాట. తల్లి పనికి పోగా తమ్ములను పెంచిన పిల్ల, మంచము పట్టిన నాయనమ్మకు సేవచేసిన పిల్ల, సాయంకాలములందు కుట్టుపని చేసిన పిల్ల, ఈ సభలోని కుటుంబములలో ఎందరో గలరు. వారి మార్కులలో పది తగ్గినచో ఆ పది యెచటికి పోయినవో మనకు తెలియును. మనము దీనిని బయట చెప్పుట నామోషీ యనుకొందుము. కాని అమెరికా వారి ఉమ్మడి దరఖాస్తులో విద్యార్థి చేసిన పనుల పట్టికలో గృహబాధ్యతలు అనునది యొక గౌరవమైన వర్గముగానే యున్నది. ఫుట్‌బాలు ప్రక్కననే దానికిని చోటున్నది. వారమునకెన్ని గంటలు, సంవత్సరమునకెన్ని వారములు అని యడుగుదురు. వ్రాయవలెను. వ్రాయించవలెను.

ఉపాధ్యాయుల లేఖ మరియొక చిక్కు. మన ప్రధానోపాధ్యాయు లిచ్చెడి యోగ్యతాపత్రము మీరెరిగినదే: "ఇతని నడవడి సంతృప్తికరము" అని అచ్చుకాగితము, ఖాళీలో పేరు మాత్రము వేరు. దొంగకును దొరకును, దొరకును దొరకును! అట్టి కాగితము సముద్రము దాటి ప్రయోజనమేమి? గణితోపాధ్యాయుడు, "ఈ పిల్లవాడు జ్యామితిలో తప్పి, మూడు మాసములు ప్రతిదినమును బడి విడిచిన తరువాత నాయొద్ద కూర్చుండి, పుస్తకములో లేని మార్గమున నొక సమస్యను సాధించెను" అని నాలుగు వాక్యములు వ్రాసినచో తగ్గిన మార్కే సాక్ష్యముగా మారును. కాని నాలుగు వందలమందిని గదులలో క్రిక్కిరిసి కూర్చుండబెట్టు కళాశాలలలో ఏ యుపాధ్యాయునికి ఏ పిల్లవాని ముఖము తెలియును? కళాశాలను ఎన్నుకొనునాడే తలిదండ్రులు ఈ ప్రశ్న వేసికొనవలెను.

పట్టికయే లేనివారికిని ఒకప్పుడు ద్వారము తెరువబడినది. పాఠశాల మాని యింటనే చదువుకొన్న ముంబయి బాలిక యొకతె అంతర్జాతీయ ప్రోగ్రామింగు ఒలింపియాడులలో రెండు రజత పతకములు, ఒక కాంస్య పతకము గెలిచెను. పండ్రెండవ తరగతి పత్రము లేనందున ఐ.ఐ.టి.లలో ఆమెకు చోటు లేకపోయినది. 2016 లో ఎం.ఐ.టి. వారు తీసికొనిరి. ఈ మధ్యలో మన దేశముననే చెన్నై గణితశాస్త్ర సంస్థవారు ఆమెకు పై తరగతి పాఠములు చెప్పిరని కూడ చెప్పవలెను. గడపకును చదువరికిని గల భేదమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు దొరకలేదు. కాని గమనింపుడు, ఆమె చేత నేమియు లేక పోలేదు, పతకములుండెను.

రామానుజన్ గారి విషయము నిట్లే చూడవలెను. కుంభకోణము కళాశాలలో ఆంగ్లమున తప్పి విద్యార్థివేతనము పోగొట్టుకొనిరి, 1905 లో ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు వచ్చిరి, మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్షయు తప్పిరి. 1914 లో కేంబ్రిడ్జి చేరిరి. ఇది నిజము. కాని వారు కేంబ్రిడ్జికి పంపినవి తప్పిన మార్కులు కావు. 1913 జనవరిలో హార్డీ పండితునికి వ్రాసిన లేఖలోని సిద్ధాంతములు. ఆ నోటు పుస్తకములు లేని వానికి రామానుజన్ పేరు చెప్పుకొను నర్హత లేదు.

నాకు అంతకంటె దగ్గరైన యుదాహరణము మన భీమవరమున 1895 లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని పొందలేదు. బంధుమరణములతో ఇల్లు అల్లాడిన కాలమది. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే 1921 లో పొందిరి. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పుకొనిరి. అట్టివాడు 1923 నాటికి బోస్టను నగరమున హార్వర్డు వారి ఉష్ణమండల వైద్యవిద్యాలయమున నుండెను. చేత డబ్బు లేక ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసికొనుచు చదివెను. 1925 లో ఫిస్కే గారితో కలిసి ప్రకటించిన భాస్వర పరిమాణ పద్ధతి ఆయన పేరుతో లోకమున నిలిచినది. 1930 లో పిహెచ్.డి. పట్టము, 1940 లో లెడర్లీ ప్రయోగశాల, అచట ఫోలిక్ ఆమ్లము, దాని వెంట రక్తపు క్యాన్సరునకు తొలి మందులలో నొకటియగు అమినాప్టెరిన్, ఆరియోమైసిన్. 1948 లో గతించిరి. ఆ తక్కువ పట్టము ఆయనను మద్రాసులోను బోస్టనులోను వెంటాడెను గాని ఆపలేకపోయినది. తగ్గిన మార్కులు బాధింపవని నేను చెప్పుటలేదు, బాధించినవి.

దాతలారా! ఆ యోడ టిక్కెట్టు వెనుక నెవరుండిరో చూడుడు. ఆయన మామగారుండిరి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు గారి ధర్మసంస్థ ధనసహాయమునకు ముందుకు వచ్చినది. ఆ ధర్మకర్తలు, "మెట్రిక్కు మూడుమారులు వ్రాసినవాడు, పట్టము తక్కువది, వీనికేల?" అని యడిగియుండవచ్చును. అడిగినచో వారిది న్యాయమైన ప్రశ్నయే యగును. కాని మన దేశమునకు మిగిలినది ఆ ప్రశ్న కాదు.

తగ్గిన మార్కులున్నచోట వర్తకులును పొంచియుందురు. "మార్కులు లేకున్నను సీటిప్పింతుము, లేఖలు మేమే వ్రాయుదుము, పట్టిక మేమే సవరింతుము" అని చెప్పు మధ్యవర్తులు మన పట్టణములలో బోర్డులు కట్టుకొనియున్నారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ యను పేరుగల సంస్థ మూతపడినప్పుడు వీధిని పడిన విద్యార్థులలో చాలమంది తెలుగువారు. 2019 లో మిచిగాన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ యూనివర్సిటీ యని అమెరికా ప్రభుత్వాధికారులే వలగా పన్నిన బూటకపు సంస్థలో చేరి, నూటికి పైగా భారతీయులు నిర్బంధింపబడిరి. ధనవంతులును ఈ దోషమునకు దూరము కారు. అదే సంవత్సరమున తమ పిల్లలకు దొంగ మార్కులు, దొంగ క్రీడాపత్రములు కొన్న అమెరికా దేశపు తలిదండ్రులను అచటి న్యాయస్థానములు చెరసాలకు పంపినవి. 82 మార్కుల నిజమైన పట్టికతో వెళ్లగల చోట్లు ఎన్నియో కలవు; 95 మార్కుల దొంగ పట్టికతో వెళ్లినవాడు పట్టుబడినచో తిరిగి వచ్చుటకు ఇల్లు తప్ప వేరు చోటుండదు.

ఆ నిజమైన చోట్లలో కొన్నిటిని పేర్కొందును. ఐ.ఐ.టి. మద్రాసువారు 2021 నుండి డేటా శాస్త్రమున బి.ఎస్. పట్టమునకు జె.ఇ.ఇ. లేకుండనే విద్యార్థులను చేర్చుకొనుచున్నారు. కొన్ని వారములు పాఠములు చెప్పి, ఆ పాఠములలోనే పరీక్షించి తీసికొందురు. గణితమున నిజమైన యాసక్తి గలవారికి భారతీయ గణాంక సంస్థయు, చెన్నై గణితశాస్త్ర సంస్థయు స్వంత ప్రవేశపరీక్షలు నడుపుచున్నవి. బి.టెక్.కు దొరకని ఐ.ఐ.టి. నాలుగేండ్ల తరువాత గేటు పరీక్షచేత ఎం.టెక్.కు దొరకవచ్చును. అమెరికాలో హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్హర్‌స్ట్ వంటి కొన్నిటిలో విదేశీ విద్యార్థి పేదరికము ప్రవేశనిర్ణయమునకు అడ్డు కాదు; చేర్చుకొన్నచో కావలసిన ద్రవ్యసహాయము వారే చేయుదురు. అయినను వానినే నమ్ముకొని కూర్చుండరాదు. నూటికి కొద్దిమందిని మాత్రమే చేర్చుకొను ద్వారములవి. దరఖాస్తు పెట్టు జాబితాలో సగమైనను పిల్లవాని పట్టికకు తగిన చోట్లుండవలెను.

ఇపుడు మన విద్యానిధి మాట. నిబంధనలలో నాలుగవది ప్రకారము నూటికి 90 మార్కులు దాటినవారికి మాత్రమే వేతనము లభించును. నిన్న ఈ వేదికపై పూలదండలు వేసికొన్న పిల్లలందరును అట్టివారే. వారియెడ నాకు సంతోషమే. కాని 96 మార్కుల పిల్లవానికి కళాశాలలవారే రాయితీలిచ్చి పిలుచుకొని పోవుచున్నారు. మనమిచ్చు సొమ్ము వానికి పండుగనాటి పట్టుబట్ట. 81 మార్కులతో, పెరుగుచున్న పట్టికతో, తండ్రి లేని యింటినుండి వచ్చిన పిల్లకు అదే సొమ్ము రోజువారీ యన్నము. నాలుగవ నిబంధన ఆమె ముఖము చూడదు. ఢిల్లీవారు విడిచిన త్రాసును మనము భద్రముగా పట్టుకొని కూర్చున్నాము.

కావున నేను ప్రతిపాదించు సవరణ యిది. ప్రతి నాలుగు వేతనములలో నొకటి, మార్కులు 90 కి తక్కువైనను, గడచిన రెండు సంవత్సరములలో స్పష్టముగా పెరిగినవారికి గాని, తగ్గుటకు గృహకారణము చూపినవారికి గాని ఇయ్యవలెను. ఆ దరఖాస్తులను ధనికులు గాక, ముగ్గురు విశ్రాంత ఉపాధ్యాయులు చదువవలెను. వారిలో నొకరు స్త్రీ కావలెను. ప్రవేశపరీక్షల రుసుములకును, అమెరికా దరఖాస్తుల రుసుములకును నిధిలో నొక చిన్న పద్దు తెరువవలెను. ఒక్కొక్క దరఖాస్తునకు ఆరేడువేల రూపాయలు చెల్లింపవలసి వచ్చుటచేతనే పిల్లలు జాబితాను కుదించుకొనుచున్నారు. పేదవిద్యార్థులకు ఆ రుసుము మినహాయింపు అడుగు వీలుకూడ పెక్కుచోట్ల కలదని వారికి తెలుపువారు లేరు.

దీనివలన యోగ్యత తగ్గునని కొందరు దాతలు నాతో ననిరి. వారి శంక గౌరవింపదగినదే. నాలుగింట మూడు వేతనములు పూర్వరీతినే యుండును గనుక పరీక్షించి చూచుటకు మూడు సంవత్సరములు గడువిండని కోరుచున్నాను. ఆ మూడేండ్లలో ఈ నాలుగవ వంతు పొందినవారెచట చేరిరో, ఎట్లు చదువుచున్నారో ఏటేట సంచికలో ప్రకటింతము. లెక్కలు చూచి మీరే నిర్ణయింపుడు.

తీర్మానము రేపటి యుదయము పదిగంటలకు సర్వసభ్య సమావేశమున ప్రవేశపెట్టబడును. ఇంటర్మీడియేటు చదువు పిల్లలు గల తలిదండ్రులు నేటి భోజనానంతరము మంటపమునకు తూర్పుననున్న గదికి రావలెనని మనవి. నలుగురము ఉపాధ్యాయులము సాయంకాలము ఆరుగంటలవరకు అచట కూర్చుందుము. పిల్లలను వెంటబెట్టుకొని రండు. మంచి పట్టికలతోపాటు తగ్గిన పట్టికలను కూడ తీసికొని రండు.